నాయిన స్కూటర్ ముట్టని ఏడాది

మొన్న సికింద్రాబాదులో పని చూసుకుని అల్వాల్‌కి తిరిగి వస్తుంటే తిరుమలగిరి దాటాక మా క్యాబు నిలిచిపోయింది. పైవంతెన కోసం రోడ్డు మధ్యలో గోతులు తవ్వి రేకులు అడ్డం పెట్టారు. మిగిలిన సందులోంచే బస్సులు, ఆటోలు, నీళ్ల ట్యాంకర్లు అన్నీ పోవాలి. డ్రైవరు ఇంజను ఆపేసి ఫోను చూసుకుంటున్నాడు. నా కిటికీ పక్కన ఒక స్కూటీ వచ్చి ఆగింది. నడుపుతున్నది తల్లి. ముందు ఒక చిన్న పాప నిలబడి అద్దంలో తన పళ్లు తానే చూసుకుంటోంది. వెనకాల కూర్చున్న పెద్దపిల్ల ఎడమకాలు ఎక్కడా ఆనకుండా వేలాడుతోంది.

నేను అద్దం దించి, "కాలు పైకి పెట్టుకో బిడ్డా" అన్నాను. ఆ పిల్ల తల్లి వీపు వైపు చూసింది. తల్లి నా వైపు తిరిగి, ఈమెకెందుకు అన్నట్టు ఒక్క చూపు చూసింది. ఇంతలో ముందున్న బస్సు కదిలింది. స్కూటీ దాని పక్కనుంచి దూరి వెళ్లిపోయింది. నేను మెడ చాచి ఆ ఎడమకాలు కనిపించినంత దూరం చూశాను.

మా అక్క పడింది అక్కడికి కొంచెం పైనే, లోతుకుంట దగ్గర. సరిగ్గా ఎక్కడో చూపించమంటే ఇప్పుడు చూపించలేను. అప్పుడా రోడ్డుకి రెండు వైపులా పెద్దపెద్ద చెట్లుండేవి. వాటి వెనక మిలిటరీవాళ్ల తెల్లసున్నం గోడలు. వేసవి మొదట్లో పొద్దున్నే ఆ రోడ్డు మీద వేపపూత వాసన వేసేది. సైకిళ్లు, ఒకటీ అరా బస్సు, ఆకుపచ్చ మిలిటరీ లారీలు, అంతే. అల్వాల్‌లో ఇళ్లు దూరదూరంగా ఉండేవి. మా ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకి మట్టిదారిలో చాలా దూరం నడవాలి. వానాకాలం ఆ దారిలో చెప్పులు చేత్తో పట్టుకునేవాళ్లం.

నాయిన దర్జీ. సికింద్రాబాదు జనరల్ బజారు సందులో చిన్న దుకాణం. కంటోన్మెంటు వాళ్ల యూనిఫారాలు కుట్టేవాడు. ఆయన దగ్గరికి వెళ్తే ఎప్పుడూ గంజి వాసన, ఇస్త్రీపెట్టె బొగ్గుల వాసన కలిసి వచ్చేవి. స్కూటర్ వచ్చాక వాటికి పెట్రోలు వాసన కూడా తోడైంది.

ఆ స్కూటర్ కోసం ఇంట్లోవాళ్లు ఏళ్లతరబడి ఎదురుచూశారు. వచ్చిన రోజు అమ్మ దానికి పసుపుకుంకుమలు పెట్టి, బంతిపూల దండ వేసి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టింది. మా వాడలో పిల్లలందరూ దాన్ని ముట్టుకుని పోయారు. చలికాలం పొద్దున అది ఒక పట్టాన స్టార్టయ్యేది కాదు. నాయిన దాన్ని ఒక పక్కకి పడుకోబెట్టినట్టు వంచి, మళ్లీ లేపి, కిక్కు కొట్టేవాడు. నేనూ అక్కా బడి సంచులతో పక్కన నిలబడి ఆవులించేవాళ్లం.

మా నలుగురికీ దాని మీద నాలుగు జాగాలు. ముందు నిలబడేది నేను, హారన్ నా పని. నా వెనక నాయిన. ఆయన వెనక అక్క. చివర అమ్మ, ఒక పక్కకి కూర్చుని, ఒక చేత్తో వెనకున్న స్టెప్నీ టైరుని పట్టుకుని. బడికి పోయేటప్పుడు అమ్మ ఉండదు కాబట్టి అక్క మహారాణిలా చేతులు చాచి కూర్చునేది.

నేను ఎదుగుతున్నాను. అది అక్కకి కనిపించింది. "ఇది పెద్దగైంది నాయినా. దీని తల నీకు అడ్డమొస్తలేదా? ఎనక కూసోబెట్టు" అంది ఒకసారి. నేను వెంటనే ఏడుపు మొదలుపెట్టాను. హారన్ పోతుందని నా బాధ. నాయిన నవ్వి, "అడ్డమొస్తే పక్కకు వంగి చూసి నడుపుత తీయ్. దాన్ని ఏడిపియ్యకు" అన్నాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకే అది జరిగింది. మారేడుపల్లిలో మా మేనత్త ఇంట్లో ఏదో ఫంక్షను. తిని, తాంబూలాలు తీసుకుని సాయంత్రం బయల్దేరాం. మబ్బు పట్టింది. దండెం మీద బట్టలున్నాయి, జెర జల్ది పోనీ అని అమ్మ ఒకటికి రెండుసార్లు అంది. తిరుమలగిరి దాటేసరికి తుంపర మొదలైంది. రోడ్డు పక్కన ఎవరో ఇల్లు కట్టుకుంటూ ఇసుక పోసుకున్నారు. అది రోడ్డు మీదికి జారి తుంపరకి తడిసింది. నాయిన బ్రేకు వేశాడు. స్కూటర్ ఎడమవైపుకి మెల్లగా, ఎవరో చేత్తో పట్టి పడుకోబెట్టినట్టు పడింది.

నా మోచెయ్యి గీసుకుపోయింది, అంతే. అమ్మకి చీర చిరిగింది. నాయినకి అదీ లేదు. అక్క పాదం మాత్రం బండి కింద ఉంది. నాయిన, రోడ్డు పక్క టీ బండి దగ్గరున్న మనుషులు కలిసి లేపారు. అక్క ఏడవలేదు. "నాయినా, నా చెప్పు ఏది" అని అడిగింది. అవి ఆ ఫంక్షనుకే కొన్న కొత్త చెప్పులు. ఆటోలో దవాఖానకి పోతున్నంతసేపూ అదే అడిగింది. నాయిన ఆమె తలని ఒళ్లో పెట్టుకుని, "తెస్త బిడ్డా, తెస్త" అంటూనే ఉన్నాడు.

చీలమండ విరిగింది. కట్టు చాలా రోజులు ఉంచారు. విప్పాక చూస్తే పాదం కొంచెం లోపలికి తిరిగి ఉంది. ఎదిగే వయసు ఎముక, కొందరికి సర్దుకుంటుంది, కొందరికి ఇలాగే ఉండిపోతుంది అన్నాడు డాక్టరు. అక్కకి సర్దుకోలేదు. ఎడమకాలు వేసినప్పుడల్లా భుజం కొద్దిగా కిందికి వాలేది.

స్కూటర్‌కి ఏమీ కాలేదు. నాయిన దాన్ని తెచ్చి మెట్ల కింద పెట్టి, "గీత సుత పడలే దీనికి" అన్నాడు, అదే దాని నేరమన్నట్టు. పాత టార్పాలిన్ తెచ్చి కప్పి, తాడుతో కట్టాడు. అమ్మేయమని అమ్మ అంది. ఆయన అమ్మనూ లేదు, ముట్టనూ లేదు. మర్నాటి నుంచి బస్సులో దుకాణానికి పోవడం మొదలుపెట్టాడు.

ఆ రోజుల్లో మా ఇంట్లో ఎవరి తప్పు వారికి ఉండేది. అమ్మది నేను చాటుగా విన్నాను. మా పక్కింట్లో ఒక ఆంటీ ఉండేది. వాళ్లది విజయనగరం వైపు. సికింద్రాబాదులో రైల్వే ఆఫీసులో పనిచేసేది. ఒకరోజు ఆమె మా గడప మీద కూర్చుని ఉంటే, అమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతూ మెల్లగా చెప్పింది.

"నేనే ఆయన భుజం గుంజిన వదినా. బండి జెర ఊగంగనే భయమై గుంజిన. నేను గుంజకుంటే ఆయన ఆపుతుండె."

"అలాగనుకోకమ్మా" అంది ఆంటీ. "రోడ్డు మీద ఇసకున్నాది. దానికి నువ్వేటి చేస్తావు?"

"జల్ది పోనీ అని సుత నేనే అన్న."

తలుపు వెనక నిలబడి నేను, అమ్మకి తెలియదు పాపం అనుకున్నాను. అసలు సంగతి నా తల. నా తల అడ్డం లేకపోతే నాయినకి ఇసుక ముందే కనిపించేది. ఆ మాట నేను ఎవరికీ చెప్పలేదు. అక్క కట్టు వేసుకుని మంచం మీద ఉన్నప్పుడు, ఎవరూ చూడకుండా అద్దం ముందు నిలబడి, మెడ భుజాల్లోకి కుదించుకుని ఎంత పొట్టిగా అవగలనో చూసుకునేదాన్ని.

నాయిన తప్పు మాత్రం ఊరందరికీ తెలిసింది. ఆయనే చెప్పాడు.

బడి తెరిచాక మా ముగ్గురిదీ బస్సు ప్రయాణమైంది. అక్క పదో తరగతి. బడి మానితే ఏడాది పోతుంది. పొద్దున్నే మట్టిదారిలో నడక. నాయిన అక్క సంచీ, తన టిఫిన్ డబ్బా రెండూ ఒక భుజానికి వేసుకుని ఆమె పక్కనే నడిచేవాడు. నేను వెనక. ఆంటీ కూడా అదే బస్సుకి. చీర కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని మమ్మల్ని దాటి వెళ్లి, స్టాపులో నిలబడి, "బేగి రండమ్మా, వచ్చెత్తంది" అని కేకేసేది. ఆమె హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ వాళ్ల ఊరి బెల్లం జీళ్లు కాగితంలో చుట్టి ఉండేవి. నోట్లో వేసుకుంటే పళ్లకి అంటుకుని సికింద్రాబాదు దాకా మాట రానిచ్చేవి కావు.

బస్సు అల్వాల్‌కి వచ్చేసరికే నిండి ఉండేది. బొల్లారంలో ఎక్కినవాళ్లు, కూరగాయల గంపలతో సికింద్రాబాదుకి పోయే ఆడవాళ్లు, ఆఫీసుల వాళ్లు. మెట్టు చాలా ఎత్తు. అక్క కుడికాలు పైన పెట్టి, రాడ్డు పట్టుకుని, ఒళ్లంతా బిగించి ఎడమకాలిని పైకి లాక్కునేది. కింద నుంచి నాయిన రెండు చేతులూ చాచి పట్టుకునేవాడు, ముట్టుకోకుండా, వెనక్కి పడితే పట్టుకోవడానికి. పైకి ఎక్కాక కొత్తిమీర వాసన, చెమట, డీజిలు, ఎవరిదో పౌడరు. నాయిన ఆ రద్దీలో దారి చేస్తూ, "జెర జరుగున్రి తల్లీ, పిల్లకు కాలు బాగలేదు" అనేవాడు. ఎవరో ఒకరు లేచి సీటు ఇచ్చేవారు. ఇచ్చినవాళ్లు ఊరుకోరు కదా.

"ఏమైంది పాప కాలుకు?"

"నేనే పడగొట్టిన" అనేవాడు నాయిన.

మొదటిసారి విన్నప్పుడు అక్క గిర్రున తల తిప్పి చూసింది. ఆయన చెబుతూనే ఉన్నాడు. నలుగురిని ఎక్కించుకోవద్దని తెలిసీ ఎక్కించుకున్నాననీ, వానలో మెల్లగా రావలసిందనీ, ముందు బ్రేకు పట్టకూడదని తెలిసీ పట్టాననీ. వినేవాళ్లు అయ్యో అనేవాళ్లు. ఆడపిల్ల కదా, ఎట్లా అనేవాళ్లు. కొందరు పెద్దమనుషులు పసరు వైద్యులు ఎక్కడున్నారో చెప్పేవాళ్లు. అందరూ చివరికి అక్క పాదం వైపు చూసేవాళ్లు. అక్క ఆ పాదాన్ని సీటు కిందికి లాక్కుని కిటికీ బయటికి చూసేది.

అది ఒక్కరోజు కాదు. బస్సులో కొత్తవాళ్లు ఎక్కినప్పుడల్లా, ఎవరైనా అడిగినప్పుడల్లా ఆయన మొదటి నుంచి చెప్పేవాడు. కండక్టరుకి కూడా కంఠతా వచ్చేసింది. ఒకరోజు మధ్యలో నాయిన ఆగితే, "ఇసుక మీద" అని కండక్టరే అందించాడు. ఆంటీ ఒకసారి ఉండబట్టలేక, "అన్నయ్యగారూ, రోజూ అదే ఏటి చెబుతారు? పిల్ల ఇనలేక సచ్చిపోతంది" అంది. నాయిన తల ఊపాడు. మర్నాడు మళ్లీ చెప్పాడు.

ఇంట్లో ఇంకో రకం. పాల మీద మీగడ అక్కకి. ఇంట్లో కోడిగుడ్డు ఒక్కటే ఉంటే అది అక్క డబ్బాలోకి. అమ్మ సర్వపిండి చేస్తే కరకరలాడే అంచులన్నీ విరిచి ఆమెకే. నాయిన శనివారం సాయంత్రం బేకరీ నుంచి లోపల కొబ్బరి కూరిన దిల్‌పసంద్ తెచ్చేవాడు. వెనకటికి దాన్ని కత్తితో కోసి, ఏ ముక్క పెద్దదో కొలుచుకుని, జుట్లు పట్టుకుని కొట్లాడుకునేవాళ్లం. ఇప్పుడు పొట్లం నేరుగా అక్క చేతికి. ఆమె సగం నా ముందుకి తోసేది. నేను వద్దనేదాన్ని.

"తినవే."

"నాకొద్దు. నువ్వే తిను."

"కొబ్బరంటే సస్తవ్ కదా నువ్వు. తిను."

"నీకు బలం గావాలె" అన్నాను, అమ్మ మాట ఎత్తుకుని.

అక్క ముక్కని ప్లేటులో విసిరికొట్టి, "నాతోని జెర కొట్లాడరాదానే, ఏమైంది నీకు?" అంది. నేను ప్లేటు తీసుకుని వంటింట్లోకి పోయాను. కొబ్బరి వాసనకి నోరూరింది కూడా. తింటే తప్పు చేసినట్టు, తినకపోతే అక్కకి కోపం. చివరికి ఆ సగం ముక్కకి చీమలు పట్టాయి.

చలికాలం మొదట్లో ఒకరోజు నాయిన తెల్లవారకముందే దుకాణానికి పోవలసి వచ్చింది. పరేడ్ దగ్గరపడుతోంది, యూనిఫారాలు ఇచ్చెయ్యాలి. ఆంటీ సెలవు పెట్టి ఊరు వెళ్లింది. అక్కని జాగ్రత్తగా దించమని నాకు అమ్మా నాయినా పదిసార్లు చెప్పారు. మొదటిసారి మేమిద్దరమే బస్సు ఎక్కాం. అక్క మెట్టు దగ్గర ఆగి, నా చాచిన చేతులు చూసి, "చేతులు కిందికి పెట్టు" అంది. తనే ఎక్కింది.

సికింద్రాబాదులో మా బడి స్టాపు వచ్చింది. నేను లేచాను. అక్క లేవలేదు.

"కూసో" అంది. "ఆఖరి దాంక పోదాం."

ఆ బస్సు ఆఖరికి అఫ్జల్‌గంజ్ పోయేది. నేను సంచీ ఒళ్లో పెట్టుకుని మళ్లీ కూర్చున్నాను. కండక్టరు వచ్చి మా ఇద్దరినీ చూసి, "నాయిన లేడని షికారా?" అన్నాడు. అక్క ఆయన్ని చూసి నవ్వింది. ఎన్నో నెలల తర్వాత ఆమె నవ్వడం చూశాను. ఆయన ముందుకు పోయాడు.

ట్యాంక్‌బండ్ మీద గాలి కొట్టింది. అక్క కిటికీలోంచి మొహం బయటికి పెట్టి కళ్లు మూసుకుంది. అఫ్జల్‌గంజ్‌లో దిగేసరికి పళ్ల బండ్లు, తోపుడు బండ్లు, రిక్షాలు, మూసీ వాసన. నేను ఆమె మోచెయ్యి పట్టుకోబోతే విదిలించింది. రోడ్డు తనే దాటింది. తన లెక్కలో, తన నడకలో. బండ్లవాళ్లు ఆగారు. ఎవరూ కాలు సంగతి అడగలేదు. అడగడానికి అక్కడ ఎవరికీ తీరిక లేదు. ఒక బండి దగ్గర మిర్చిబజ్జీలు తిన్నాం. ఆఖరి బజ్జీ ఆమె నా చేతిలోంచి లాక్కుని తినేసింది. నాకు తెలియకుండానే ఆమె జడ పట్టి గుంజాను. ఆమె నా జడ గుంజింది. తిరుగు బస్సులో కిటికీ సీటు కోసం ఇద్దరం గోళ్లతో గీరుకున్నాం. పక్కనున్న పెద్దామె, "ఛీ ఛీ, ఏం పిల్లలే, కుక్కపిల్లల లెక్క" అని తిట్టింది. మేం పొట్ట పట్టుకుని నవ్వాం. నా చేతి మీద ఆమె గోళ్ల గీతలు నాకెంత హాయిగా ఉన్నాయో చెప్పలేను.

మేం అనుకోనిది ఒకటి జరిగింది. ఆ పూట అక్కని తన చేత్తో బస్సు ఎక్కించలేదని నాయినకి దుకాణంలో మనసు నిలవలేదట. మధ్యాహ్నం పని ఆపి బడికి పోయాడు. ఇద్దరూ రాలేదన్నారు. అక్కడి నుంచి బస్టాండుకి, బస్టాండు నుంచి లోతుకుంటకి, అక్కడి నుంచి దవాఖానకి. మేం రోజూ వచ్చే వేళకి అల్వాల్‌లో దిగేసరికి ఆయన స్టాపులో నిలబడి ఉన్నాడు. చొక్కా చెమటకి తడిసి ఒంటికి అతుక్కుంది. మెడలో కొలతల టేపు అలాగే ఉంది.

ఆయన ముందు నా దగ్గరికి వచ్చాడు. చెంప మీద కొట్టాడు. నాయిన నన్ను కొట్టడం అదే మొదలు.

"నీకైనా తెలివి లేదానే? దాని కాలు సంగతి తెల్వదా నీకు?"

తర్వాత అక్క వైపు తిరిగాడు. గొంతు మారిపోయింది. "నొస్తుందా బిడ్డా? ఇటియ్యి సంచి" అన్నాడు.

అక్క సంచీ ఇవ్వలేదు. మాకంటే ముందు, పడుతూ లేస్తున్నట్టు నడిచింది. ఇంటికి చేరాక మెట్ల దగ్గర ఆగి, ఆ టార్పాలిన్ ముందు నిలబడి వెనక్కి తిరిగింది. అమ్మ పరుగెత్తుకుంటూ బయటికి వచ్చింది.

"బడి ఎగ్గొట్టింది నేను" అంది అక్క. "దీన్ని తీస్కపోయింది నేను. దీన్నెందుకు కొట్టినవ్? నన్ను కొట్టు."

"నిన్నెట్ల కొడత బిడ్డా. నేను చేసింది చాలదా?"

"నేను పడ్డప్పటి నుంచి నన్నొక్క మాట అన్లే నువ్వు. ఇది సుత నాతో కొట్లాడతలేదు. నేను సచ్చిపోయిన్నా?"

"గట్లనకే" అంది అమ్మ.

"నువ్వు స్కూటర్ బంద్ పెట్టినవ్ నాయినా. నీకు నువ్వు శిక్షేసుకున్నవ్, మంచిగనే ఉంది. కని గా మట్టిదారిల నడిచేది ఎవలు? బస్సు మెట్టెక్కేది ఎవలు? శిక్ష నీదంటవ్, తక్లీఫ్ నాది." ఆమె గొంతు పెంచలేదు. దానికే నాకు భయం వేసింది. "రోజు బస్సుల అందరికి చెప్తవ్. చెప్పుకుంటే నీ మనసు తేలికైతదేమో. వాళ్లంత నా కాలు చూస్తరు."

నాయిన మెట్టు మీద కూలబడ్డాడు. మెడలోంచి టేపు తీసి వేళ్లకి చుట్టుకున్నాడు. విప్పాడు. మళ్లీ చుట్టుకున్నాడు. అమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.

"నాకు తెల్వలే" అన్నాడు. "నేను శిక్షకని బంద్ పెట్టలే బిడ్డా. నాకు భయమైతుంది. నిన్ను ఎనక కూసోబెట్టుకుంటే నా చేతులు వణుకుతయ్. గందుకే."

అక్క ఆయన్ని చూస్తూ నిలబడింది. ఆమె మొహంలో కోపం ఎక్కడికి పోయిందో తెలియదు. పక్కకి వచ్చి అదే మెట్టు మీద, చెడిన కాలు ముందుకి చాచుకుని కూర్చుంది.

"వణికితే మెల్లగ నడుపు" అంది.

ఆ ఆదివారం నాయిన తాడు విప్పాడు. టార్పాలిన్ తీస్తే లోపల బల్లులు, సాలెగూళ్లు. టైర్లలో గాలి లేదు. తుడిచి, గాలి పట్టించి, అటూ ఇటూ వంచి కిక్కు కొట్టాడు. ఎంతసేపటికో అది దగ్గి, పొగ కక్కి అందుకుంది. వాడలో పిల్లలు మళ్లీ చేరారు. అక్క వెనక ఎక్కింది. నాయిన ఎంత మెల్లగా పోనిచ్చాడంటే, సైకిల్ మీద పోతున్న పాలవాడు వాళ్లని దాటి, ఏమైందోనని వెనక్కి తిరిగి చూశాడు.

మర్నాడు పొద్దున బడికి బయల్దేరుతూ నాయిన ముందు జాగా చూపించి, "రావే, నిలబడు" అని నన్ను పిలిచాడు.

"నేను ఆంటీతోని బస్సుల పోత" అన్నాను.

కొట్టినందుకు అలిగాననుకున్నాడు. రెండు మూడు రోజులు బతిమాలాడు. సాయంత్రం నా కోసం వేరుగా దిల్‌పసంద్ తెచ్చాడు. నేను తిన్నాను గానీ స్కూటర్ ముందు మాత్రం మళ్లీ నిలబడలేదు. కారణం చెప్పలేదు. ఆయన తన చెంపదెబ్బే కారణమని చివరిదాకా అనుకుని ఉంటాడు. ఉన్న బరువుకి తోడు అది కూడా ఆయన మీద వేశాను. ఇప్పుడు తలుచుకుంటే నాకు అన్నిటికంటే ఎక్కువ కలుక్కుమనేది అదే.

అక్క డిగ్రీకి వచ్చాక స్కూటర్ నడపడం నేర్చుకుంది. ఎడమకాలి మీద బరువంతా ఆన్చి కుడికాలితో కిక్కు కొట్టడం ఆమెకి చేతకాదు. అందుకని నాయిన స్టార్ట్ చేసి ఇచ్చేవాడు, ఆమె నడిపేది, ఆయన వెనక కూర్చునేవాడు, అమ్మ పట్టుకున్నట్టే స్టెప్నీని పట్టుకుని. ఆడపిల్ల తండ్రిని ఎక్కించుకుని జనరల్ బజారు సందులోకి వస్తుంటే దుకాణాల వాళ్లు బయటికి వచ్చి చూసేవాళ్లు. నాయిన తల వంచుకుని దిగేవాడు. లోపలికి వెళ్లాక, మిషను మీద బట్ట పరుస్తూ పనివాళ్లతో, "మా బిడ్డ బ్రేకు మంచిగేస్తది" అనేవాడట. పడగొట్టిన కథ మాత్రం మళ్లీ ఎవరికీ చెప్పలేదు.

నాయిన పోయి చాలా ఏళ్లయింది. ఆ తర్వాత అమ్మ. స్కూటర్ ఎప్పుడో పాత ఇనుముకింద పోయింది. అక్క టీచరుగా చేసి రిటైరై బొల్లారంలో ఉంటోంది. ఇన్నేళ్లు ఒక పక్కకి ఒరిగి నడవడం వల్ల ఇప్పుడు మోకాలు కూడా అరిగిందని డాక్టర్లు అంటున్నారు. ఆమెతో ఎక్కడికైనా వెళ్తే నాకు తెలియకుండానే నా నడక నెమ్మదిస్తుంది. ఆమెకి అది తెలుస్తుంది. తెలిసి విసుక్కుంటుంది.

క్యాబు దిగి ఇంట్లోకి వచ్చాక ఆమెకి ఫోను చేశాను. తిరుమలగిరి దగ్గర ఒక పిల్ల కాలు వేలాడేసుకుని పోతోందని, చూసి భయం వేసిందని చెప్పాను. ఇంకేమీ అనలేదు. అవతల పోపు చిటపటమంటోంది.

"నీ తల గురించేనా ఇంక?" అంది.

నేను ఫోను ఇంకో చెవికి మార్చుకున్నాను.

"నువ్వు ముందల నిలబడుడు బంద్ చేసినప్పుడే నాకు తెల్సు" అంది. "ఎవలికి చెప్పకపోతే ఎవలికి తెల్వదనుకున్నవా? అమ్మ సుత పోయేముందు నాతోని అన్నది, నేనే ఆయన భుజం గుంజిన అని. నాయిన సంగతైతే చెప్పనే వద్దు. నేనొక్కసారి పడ్డ. మీరు ముగ్గురు నా మీద పడి ఇంక లేస్తనే లేరు."

ఇద్దరం నవ్వాం. ఆమె పొయ్యి మీద పప్పు మాడుతోందని ఫోను పెట్టేసింది.

ఆ ముగ్గురిలో ఇప్పుడు మిగిలింది నేనొక్కదాన్ని. లేవమని అక్క చెబుతోంది, లేవాలనే నాకూ ఉంది. కానీ ఒక్కో సాయంత్రం కూర్చుని చూసుకుంటే ఆ ఇల్లు లేదు, ఆ చెట్లు లేవు, జనరల్ బజారులో ఆ దుకాణం లేదు. అమ్మ గొంతు ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోవాలంటే కష్టపడాలి. ఈ ఒక్క బాధలో మాత్రం అమ్మా నాయినా నా పక్కనే, నిన్నో మొన్నో చూసినట్టు ఉంటారు. దీన్ని కూడా దించేస్తే వాళ్లని ఎక్కడ వెతుక్కోవాలో నాకు తెలియదు.